తొంభై ఆరు బాణాలు

మే 4, సోమవారం

డైరెక్టరు మళ్ళీ ఫోన్ చేశాడు. వాతావరణ ఆఫీసుకి యాభై ఏళ్ళు నిండుతున్నాయట. జూలైలో సభ, సభకి ఒక ప్రత్యేక సంచిక. అట్ట మీద నా నక్షత్ర పటం వేస్తారు, లోపల నా జీవిత విశేషాలు ఇరవై పేజీలు వేస్తారు. ఇరవై పేజీలు ఏం రాయను, గాలి వచ్చింది, చెట్లు పడ్డాయి, నేను లెక్కపెట్టాను, అంతే కదా అన్నాను. నవ్వాడు. నా మాటలకి నవ్వడం అతని ఉద్యోగంలో ఒక భాగం.

సాయంత్రం దాకా కూర్చుంటే ఒక్క వాక్యం వచ్చింది. ఎప్పుడు పుట్టానో. దాని తర్వాత ఏం జరిగిందో నాకే అంత నమ్మకంగా తోచలేదు. అందుకని ఈ నోటుబుక్కు మొదలుపెట్టాను. ఇది ఎవరికీ కాదు. చేయి ఆడడానికి.

మే 6, బుధవారం

చేయి బాగానే ఆడింది. ఆరు పేజీలు.

ఆఫీసు డాబా మీదికి వెళ్ళనిచ్చిన మొదటి ఆడదాన్ని నేనే అని రాశాను. తాళంచెవి ఇవ్వడానికి వాచ్‌మన్ నాలుగు నెలలు ఆలోచించాడు. వడగళ్ళు కోసి పొరలు లెక్కపెట్టడానికి తెచ్చి ఫ్రిజ్‌లో దాస్తే, మా మరదలు వాటిని నిమ్మరసంలో వేసి చుట్టాలకిచ్చిన సంగతి రాశాను. చిన్న విమానం తలుపు తీసి, నడుముకి తాడు కట్టుకుని, బయటికి వంగి పడిపోయిన తోటల ఫోటోలు తీసిన సంగతి రాశాను. ఆ పైలట్ అన్న మాట కూడా రాశాను: "మీరు పడితే నేను రిపోర్టు రాయాలి మేడమ్. నాకు రాయడం రాదు."

ఇక అసలు సంగతి. ముప్పై ఏడేళ్ళ కిందటి మే నెల తుపాను. నలభై నిమిషాల్లో ముగ్గురు పోయారు, తోటలకి తోటలు నేలకొరిగాయి. అందరూ సుడిగాలే అన్నారు. నేను నాలుగువందల పన్నెండు చెట్లు ఎటు పడ్డాయో రాయించి, ఒక్కో చెట్టుకి ఒక్కో బాణం గీశాను. బాణాలన్నీ నడిమధ్య నుంచి బయటికి, నక్షత్రంలా. బకెట్టు నీళ్ళు గచ్చు మీద ఒక్కసారిగా కుమ్మరిస్తే నలుదిక్కులా పరుచుకుంటాయి కదా, గాలీ అలాగే మబ్బులోంచి కిందికి దబ్బున పడి పరుచుకుందన్నాను. దిగుగాలి అని పేరు పెట్టాను. మూడేళ్ళ తర్వాత కొత్త రాడార్లు వచ్చాక నేను చెప్పింది కంటికి కనిపించింది. ఇప్పుడు అలాంటి మబ్బు కింద ఏ పైలటూ విమానం దించడు.

ఇక్కడిదాకా చదువుకుంటే నాకు నేనే చప్పట్లు కొట్టుకోవాలనిపించింది. మాస్టారి గురించి మాత్రం రాయలేదు. రేపు రాయాలి.

మే 7, గురువారం

రాయలేదు.

మే 9, శనివారం

పాత నోటుబుక్కుల ఫోటోలు కావాలని డైరెక్టరు అడిగితే అటక మీద నుంచి దింపించాను. ఎర్రది నాది. ఉత్తరమూ మధ్య భాగమూ నేను తిరిగినవి, మూడువందల పదహారు చెట్లు. నీలం పుస్తకం మా తమ్ముడిది. మనుషులు చాలక అప్పట్లో వాణ్ణి సెలవు పెట్టించి తీసుకుపోయాను. దక్షిణపు పల్లె అంతా వాడే తిరిగాడు, తొంభై ఆరు చెట్లు.

నీలం పుస్తకంలోంచి ఒక ఫోటో జారి పడింది. ఒక పశువుల కొట్టం, దాని మీద పడిన చెట్టు. వెనక తమ్ముడి రాత: నలభై ఒకటి, సాయంత్రం నాలుగు. సాయంత్రం కాబట్టి నీడలు తూర్పుకి పడ్డాయి. చెట్టు కొన నీడకి ఎదురుగా పడమటికి, కాస్త ఉత్తరానికి ఉంది. అంటే వాయవ్యం. పుస్తకంలో నలభై ఒకటికి ఎదురుగా ఆగ్నేయం అని ఉంది. సరిగ్గా తలకిందులు.

ఎండలో తిరిగి రాసినవి. ఒకటీ అరా తప్పులు ఉంటాయి.

మే 10, ఆదివారం

నీలం పుస్తకంలో ఫోటోలున్న చెట్లు ఇంకా పది ఉన్నాయి. ఊరికే చూశాను. పదీ తలకిందులే.

పదకొండింటికి పదకొండు. ఇది పొరపాటు కాదు, పద్ధతి. ఎవరి పద్ధతో తెలియాలి. ఇలాంటివి చూస్తే నాకు ఈ వయసులోనూ ఆకలి వెయ్యదు. మరదలు రెండుసార్లు పిలిచి, మూడోసారి కంచం పైకి తెచ్చి బల్ల మీద పెట్టి పోయింది.

మే 11, సోమవారం

కిందికి దిగి తమ్ముణ్ణి నిలదీశాను. వాడు కింద గదిలో కుట్టు మిషన్లు బాగుచేస్తాడు, పగలంతా నోట్లో స్క్రూలు ఉంటాయి. ముప్పై ఏడేళ్ళ కిందటి చెట్ల గురించి అడిగితే స్క్రూలు తీసి అరచేతిలో పెట్టుకుని చాలాసేపు ఆలోచించాడు.

వాడు అప్పుడు విమానాశ్రయంలో వాతావరణ పరిశీలకుడు. ఆరేళ్ళు గంటగంటకీ గాలి దిక్కు రాసినవాడు. అక్కడి లెక్క ప్రకారం గాలి ఎటు నుంచి వస్తే ఆ దిక్కు రాస్తారు. చెట్టు చూసి, అటు పడిందంటే ఇటు నుంచి గాలి వచ్చిందనుకుని, వచ్చిన దిక్కే రాసుకుంటూ పోయాడు. నేను నా చెట్లకి పడిన దిక్కు రాశాను. రెండూ కలిపి ఒకే పటం మీద గీశాను.

నా పరువు తీశావు కదరా అని అరిచాను. ఆరేళ్ళు దిక్కులు రాసినవాడికి చెట్టు పడిన దిక్కు రాయాలని తెలియదా అన్నాను. వాడు నా చేతిలోంచి నీలం పుస్తకం తీసుకుని మొదటి పేజీ తిప్పి నా ముందు పెట్టాడు. అది నోటుబుక్కు కాదు, విమానాశ్రయం వాళ్ళ రిజిస్టరు. పై అంచున అచ్చులో ఉంది: గాలి ఎటు నుంచి వీచుచున్నదో ఆ దిక్కు నమోదు చేయవలెను.

"నోటుబుక్కులు అయిపోయాయి, ఇందులో రాసెయ్యరా అని నువ్వే ఇచ్చావక్కా. ఏం రాయాలో ఇందులోనే ఉందిగా అన్నావు కూడా."

వెంటనే గుర్తొచ్చింది. అన్నాను. ఆ పేజీ అడుగున నా పొడి సంతకం కూడా ఉంది, సరిచూశాను అని.

ఉరుమురిమి మంగలం మీద పడ్డట్టు వాడి మీద పడ్డాను. తప్పంతా నాదే.

మే 12, మంగళవారం

శాంతంగా ఆలోచించాలి.

ఒకటి. దిగుగాలి అనేది ఉంది. రాడార్లు చూశాయి. రెండు. నా మూడువందల పదహారు బాణాలూ సరైనవే. తుపాను మధ్యలో గాలి పైనుంచే పడింది, అనుమానం లేదు. మూడు. దక్షిణపు మూల తొంభై ఆరు బాణాలు తిప్పినంత మాత్రాన కూలిపోయేదేమీ లేదు. ఇంత కాలానికి ఇప్పుడు కదిపి ఎవరికి లాభం? కదపకపోతే ఎవరికి నష్టం?

మే 13, బుధవారం

మాస్టారికి.

మే 15, శుక్రవారం

ఇక తప్పదు. ఇరవై పేజీల్లో కాకపోతే ఇక్కడైనా రాయాలి.

మబ్బుని చూడడం నాకు నేర్పింది మాస్టారు. ఆ తుపాను రోజు ఆయన స్కూటర్ మీద దక్షిణపు పల్లె దారిలో కల్వర్టు దగ్గర చిక్కుకుపోయారు. దుమ్ము తిరుగుతూ పల్లె మీదికి పోవడం కళ్ళారా చూశారు. సుడిగాలి అన్నారు. పైగా అది గడియారం ముల్లు తిరిగే వైపు తిరిగిందన్నారు. మా ప్రాంతంలో సుడిగాళ్ళు గడియారానికి ఎదురు తిరుగుతాయి. అప్పటికి అందుకు భిన్నంగా ఎవరూ చూసి ఉండలేదు. పెద్ద హాల్లో మీటింగు పెట్టారు. ఆయన చూసింది చెప్పారు. నేను లేచి నక్షత్రం గీసిన పటం విప్పాను. అప్పుడు ఒక మాట అన్నాను. హాలంతా నవ్వింది. ఆయన కూడా నవ్వుతూ కాయితాలు సర్దుకున్నారు. నెల తిరక్కుండా పరికరాల స్టోరుకి బదిలీ చేయించుకుని, రిటైరయ్యేదాకా థర్మామీటర్లు లెక్కపెట్టారు. ఆ మాటేమిటో ఇక్కడ కూడా రాయను.

ఇప్పుడు ఆ తొంభై ఆరు బాణాలు తిప్పితే ఏమవుతుంది? బయటికి చూసేవి లోపలికి చూస్తాయి. బయటికి నెట్టేది దిగుగాలి. లోపలికి లాక్కునేది సుడిగాలి. తుపాను మధ్యలో నేను చెప్పింది నిజం, దక్షిణపు అంచున ఆయన చెప్పింది నిజం. ఒకే తుపానులో రెండూ ఉన్నాయి. ఇద్దరం కలిసి కూర్చుని ఉంటే రెండూ అప్పుడే దొరికేవి.

ఆయనకి ఎనభై ఎనిమిది. కూతురింట్లో ఉన్నారు. ఊపిరితిత్తులు పాడయ్యాయనీ, ఇంకొన్ని వారాలేనని డాక్టరు అన్నాడనీ ఎవరో చెప్పారు. నా సభ జూలైలో. ఆయన అప్పటిదాకా ఉండకపోవచ్చు. నేను నోరు మూసుకుంటే నా పేరు నిలుస్తుంది, ఆయన తప్పుగా చూసిన మనిషిగానే పోతారు. ఇంతకంటే వివరంగా నాకు నేను చెప్పుకోనక్కర్లేదు.

అయినా ముందు రుజువు కావాలి. ఫోటోలు పదకొండే. మిగతా ఎనభై అయిదు చెట్ల మాటేమిటి? నిజం తెలుసుకోవాలని ఉంది, అంతే. వాయిదా వెయ్యడం కాదు ఇది.

మే 18, సోమవారం

తమ్ముడు కారు నడిపాడు. నేను వాణ్ణి తిట్టిన సంగతి వాడు అప్పుడే మరిచిపోయాడు. దారంతా పాటలు.

చెట్లు ఎప్పుడో కట్టెలైపోయాయి. అయితే చెట్టు వేళ్ళతో సహా లేస్తే నేలలో గుంట పడుతుంది. వేళ్ళు పట్టుకొచ్చిన మన్ను చెట్టు పడిన వైపే దిబ్బలా జారుతుంది. దున్నని నేలలో ఆ గుంటా దిబ్బా వందేళ్ళయినా చెరగవు. పల్లె పక్క తుప్పల్లో తొమ్మిది జతలు దొరికాయి. ఒక్కో గుంటలో నేను నిలబడి, దిక్సూచి పట్టుకుని, దిబ్బ ఎటుందో అరిచాను. తమ్ముడు రిజిస్టరు చూసి, "తలకిందులే అక్కా," అని అరిచాడు. తొమ్మిదిసార్లు. మూడోసారి నుంచి ఇద్దరికీ నవ్వాగలేదు. ఎందుకు నవ్వుతున్నామో తెలిస్తే ఏడ్చేవాళ్ళమేమో.

పాలు పోసే ఆవిడ మమ్మల్ని చూసి వచ్చింది. నలభై ఒకటో నంబరు చెట్టు పడింది వాళ్ళ కొట్టం మీదే. దాని కింద వాళ్ళ అత్తగారు పోయారు. అప్పుడు ఆవిడ కొత్తకోడలు, ఇప్పుడు తల పూర్తిగా నెరిసింది. అప్పట్లో చివరి రోజు మనుషుల్ని అడగడానికి నేనూ ఒక పూట ఆ పల్లెకి వెళ్ళాను. నన్ను వెంటనే గుర్తుపట్టింది.

"గాలి తిరిగిందని ఆ రోజే చెప్పాను కదండీ. ఇదిగో ఇలా," అని చేత్తో గాలిలో గుండ్రం గీసింది. గడియారం వైపే. "మీరు రాసుకున్నారు కూడా. ఏం రాసుకున్నారు?"

ఇంటికెళ్ళి చూసి చెప్తానన్నాను.

ఇంకో సంగతి చెప్పింది. సుడిగాలి వచ్చే ఊళ్ళ జాబితాలో పేరుంటే ప్రభుత్వం నేలమాళిగ తవ్విస్తుంది. ఆ పల్లెకి వచ్చింది మామూలు గాలేనని కాయితాల్లో ఉంది కాబట్టి తవ్వలేదు. మబ్బు నల్లబడితే ముప్పై ఏడేళ్ళుగా మంచాల కింద దూరుతున్నారు. ఆ కాయితం కింద సంతకం ఎవరిదో ఆవిడ అడగలేదు.

మే 19, మంగళవారం

ఎర్ర పుస్తకం, చివరి నుంచి మూడో పేజీ. గుండ్రంగా, అందంగా ఉంది నా రాత.

దక్షిణపు పల్లె. పాలు పోసే స్త్రీ. గాలి గడియారం ముల్లులా తిరిగిందంటోంది. బాగా భయపడి ఉంది. లెక్కలోకి తీసుకోనక్కర్లేదు.

మే 20, బుధవారం

ఆ రోజు హాల్లో నేనన్న మాట ఇది. "మాస్టారు సుడిగాలిని అద్దంలో చూసినట్టున్నారు."

రాశాక తేలికవుతుందనుకున్నాను. అవలేదు. మంచి జోకు కావడమే దాని దరిద్రం. స్టోరులో ఆయన్ని పలకరించడానికి వెళ్ళిన ప్రతివాడూ ఆ జోకు గుర్తు చేసుకునే వెళ్ళి ఉంటాడు.

మే 22, శుక్రవారం

ఆయనకి ఉత్తరం రాశాను. చించాను. మళ్ళీ రాశాను. రెండోది మొదటిదానికంటే తెలివిగా ఉంది, అందుకని అదీ చించాను.

అట్ట సోమవారం అచ్చుకి వెళ్తుందని డైరెక్టరు ఫోన్. ఆపమన్నాను. ఎందుకో చెప్పాను. "ఇన్నేళ్ళ తర్వాత ఎవరు అడుగుతారు మేడమ్?" అన్నాడు. అతను చెడ్డవాడేమీ కాదు, నిజమే చెప్పాడు. ఎవరూ అడగరు.

మే 23, శనివారం

మాస్టారి కూతురింటి వీధి మలుపు దాకా వెళ్ళాను. ఆ మలుపులో రొట్టెలు బాగుంటాయని విన్నాను. ఒకటి కొనుక్కుని వచ్చాను.

మే 24, ఆదివారం

మళ్ళీ రొట్టె. మరదలు సంచీ తీసుకుంటూ, "ఇంట్లో ముగ్గురమే వదినా," అంది.

మే 26, మంగళవారం

వెళ్ళాను. లోపలికే.

కూతురు లైబ్రరీలో పని చేస్తుంది. నన్ను గుమ్మంలో చూసి ఒక్క క్షణం ఆగి, పది నిమిషాలేనంది. తీసుకెళ్తూ, ఉరిమినప్పుడల్లా నాన్న లేచి కిటికీలు మూసేసేవారని చెప్పింది. తన పిల్లలు చిన్నప్పుడు తాతకి భయమనుకునేవారట. మబ్బంటే ప్రాణం పెట్టిన మనిషి.

ఆయన మంచం మీద ఆనుకుని ఉన్నారు. ముక్కుకి ఆక్సిజన్ గొట్టం. మనిషి సగమయ్యారు, చూపు మాత్రం ఆ చూపే.

"నక్షత్రం వచ్చిందా," అన్నారు.

నిలబడే చెప్పాను. రిజిస్టరు గురించి, ఫోటోల గురించి, గుంటల గురించి. తమ్ముడి పేరెత్తకుండా, నేనిచ్చాను, నేను సరిచూడలేదు, నేను కలిపి గీశాను అని చెప్పాను. మొదటి పేజీ చూపించమన్నారు. భూతద్దం పెట్టుకుని ఆ అచ్చు వాక్యం చదివారు, నా పొడి సంతకం చదివారు, మళ్ళీ వాక్యం చదివారు.

"నేను నా కళ్ళదే తప్పనుకున్నాను," అన్నారు. "కళ్ళజోడు మూడుసార్లు మార్పించాను."

ఆయన భూతద్దం దుప్పటి మీద పెట్టి గోడ వైపు తిరిగారు. వెళ్ళమన్నారు. కోపంగా కూడా కాదు. కూతురు నన్ను గుమ్మం దాకా దింపింది, మళ్ళీ రమ్మనలేదు.

మే 27, బుధవారం

మూడుసార్లు.

మే 29, శుక్రవారం

ఏమీ లేదు. వాన కూడా లేదు.

మే 30, శనివారం

కూతురు పొద్దున్నే ఫోన్ చేసింది. నాన్న పటం తెమ్మంటున్నారు, పెన్సిళ్ళు కూడా, అంది. మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదట, ఇవాళ లేస్తూనే నా గురించే అడిగారట. పరిగెత్తాను. ఈ మోకాళ్ళతో పరిగెత్తడమంటే ఆటో ఎక్కడమే.

పటం మంచం మీద పరిచాం. ఆయన పలకరించకుండా సూటిగా అడిగారు. "ఎటు తిరిగింది?"

"మీరు చెప్పిన వైపే అయి ఉంటుంది మాస్టారూ."

"అయి ఉంటుందా? లెక్కపెట్టావా?"

లేదన్నాను. లోపలికి చూస్తున్నాయని తేలగానే పరిగెత్తుకొచ్చాను, ఎటు తిరుగుతున్నాయో చూడలేదు.

"లెక్కపెట్టకుండా నన్ను ఓడించావు," అన్నారు. "లెక్కపెట్టకుండానే గెలిపిస్తానంటే నేనొప్పుకోను. కూర్చో."

కూర్చున్నాను. ఇరవై రెండేళ్ళ పిల్లలా కూర్చున్నాను. ఆయన చెప్తున్నారు, నేను గీస్తున్నాను. ముందు సుడి నడిచిన దారి తూర్పుకి గీశాను. గడియారం వైపు తిరిగితే దారికి ఉత్తరాన ఉన్న చెట్లు తూర్పుకే, సుడి నడిచిన వైపే పడాలి. ఎదురు తిరిగితే దక్షిణాన ఉన్నవి అలా పడాలి. ఇంతే పరీక్ష. ఒక్కో బాణం చెరిపి, తిప్పి గీస్తూ, నంబరు చదివి, దిక్కు చదివి వినిపించాను. ఆయన కళ్ళు మూసుకుని వింటున్నారు. నిద్రపోయారనుకుని ఆగితే, "ఇరవై ఏడు తర్వాత ఇరవై తొమ్మిది ఎలా వస్తుంది?" అన్నారు.

మధ్యాహ్నం ఆయాసం వచ్చింది. కూతురు ఇక చాలంది. ఆయన వేలు పైకెత్తి ఇంకా పది అన్నారు. కూతురు ఆయన్ని చూసి, నన్ను చూసి, వెళ్ళి టీ పట్టుకొచ్చింది.

ఉత్తరపు వరస నలభై రెండు చెట్లు. ముప్పై ఆరు తూర్పుకి. ఆరు చెదురుమదురు. దక్షిణపు వరసలో అలా పడినవి మూడే. గడియారం వైపే తిరిగింది.

చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి కొంగుతో తుడవమని కూతురికిచ్చారు. "అయితే ఈ కళ్ళు బాగానే ఉండేవన్నమాట," అన్నారు. కూతురు అటు తిరిగి తుడుస్తూనే ఉంది.

క్షమించమని అడిగాను.

"నాకు చెప్పకు. నన్ను చూసి నవ్విన హాలు ఇంకా ఉంది కదా. అక్కడ చెప్పు."

జూన్ 4, గురువారం

రోజూ వెళ్తున్నాను. పది గంటలకి. అయిదు నిమిషాలు ఆలస్యమైతే గడియారం వైపు చూస్తారు. పడమటి వరస మొత్తం మళ్ళీ చేశాం. క్షమించారా అంటే లేదనే అనుకుంటున్నాను. నిన్న నా సున్న చూసి, ఎనిమిదిలా ఉందని మళ్ళీ రాయించారు. ఈ నెల రోజుల్లో నేను ఇంత సంతోషంగా ఎప్పుడూ లేను. సిగ్గులేకుండా రాస్తున్నాను.

జూన్ 19, శుక్రవారం

ఆస్పత్రిలో పెట్టారు. రానివ్వలేదు.

జూన్ 25, గురువారం

ఇంటికి తెచ్చారు. మాట బాగా తగ్గింది. పటం గోడకి కొట్టించుకున్నారు. నేను కూర్చుని తొంభై ఆరూ మొదటి నుంచి చదివాను, ఆయన ఊపిరి పీల్చినంతసేపూ చదివాను.

జూలై 11, శనివారం

సభ అయింది. వరసగా రాయాలి, లేకపోతే నాకు అనుకూలంగా గుర్తుండిపోతుంది.

అదే హాలు, కుర్చీలు మారాయి. తమ్ముడు పొద్దున్నే వెళ్ళి పాలావిడని కార్లో తీసుకొచ్చాడు. ముందు వరసలో కూర్చోబెట్టాం. కూతురు ఫోన్ చేసి, నాన్న చెవి దగ్గర పెట్టానంది. నా ఫోన్ మైకు పక్కన పెట్టాను. సన్మానం తర్వాత చేద్దురు గానీ, ముందు నా మాట వినండన్నాను.

చదివాను. రిజిస్టరు సంగతి చదివాను. ఎర్ర పుస్తకంలోని ఆ వాక్యాలూ చదివాను, లెక్కలోకి తీసుకోనక్కర్లేదన్న దానితో సహా. నేను అప్పుడన్న జోకు కూడా చెప్పాను. పాతవాళ్ళు ఇద్దరు ముగ్గురు అలవాటుగా నవ్వబోయి ఆగిపోయారు. ఆ చప్పుడు నేను బతికినంతకాలం మరిచిపోను. తర్వాత తొంభై ఆరు చెట్లూ నంబరు, దిక్కు, నంబరు, దిక్కు చదివాను. పావుగంట పట్టింది. ఎవరూ లేవలేదు. చివర్లో, సుడిగాలి వచ్చింది, గడియారం వైపు తిరిగింది, ఇద్దరు చూశారు, ఇద్దరి మాటా నేను కొట్టేశాను అని చెప్పి దిగాను. చప్పట్లు లేవు. నాకు కావలసింది అదే.

డైరెక్టరు మైకు అందుకోబోతుంటే పాలావిడ లేచింది.

"అయితే మా ఊరి నేలమాళిగ ఎప్పుడు తవ్విస్తారండీ?"

జాబితాలో చేర్చే విషయం తప్పకుండా పరిశీలిస్తామన్నాడు. ఆవిడ కూర్చోలేదు. ఏ నెలలో అంది. కమిటీ ఉంటుందన్నాడు. ఏ నెలలో అంది. నవంబరు అనిపించుకున్నాకే కూర్చుంది. నా తర్వాత నా పని చూడవలసిన మనిషి ఆవిడే అనుకున్నాను. బయటికొచ్చాక నా చేయి పట్టుకుంది. మంచిమాటేమీ చెప్పలేదు. అత్తగారి పేరు కూడా ఆ కాయితంలో వెయ్యమంది. రాసుకున్నాను.

అట్ట మీద నా పటం లేదు. ఒక మబ్బు ఫోటో వేశారు. సన్మానం చేశారు గానీ శాలువా చేతులు మారినట్టే ఉంది, కప్పినట్టు లేదు.

ఇల్లు చేరి చెప్పులు విప్పుతుంటే కూతురి ఫోన్. నాన్న పావుగంటా కళ్ళు తెరిచే విన్నారు, మీతో ఏదో చెప్పాలంటున్నారు, నెమ్మదిగా వినండి అంది. ఫోన్ చేతులు మారిన చప్పుడు, ఊపిరి. చాలాసేపు ఊపిరే. నేను గోడ పట్టుకుని నిలబడ్డాను. క్షమించాననే మాట కోసం చూశానని ఒప్పుకుంటున్నాను.

"పద్దెనిమిది," అన్నారు. ఊపిరి. "పద్దెనిమిది ఉత్తరం కాదు. ఈశాన్యం." మళ్ళీ ఊపిరి. "రేపు వచ్చి సరిచెయ్యి."

పుస్తకం తీసి చూశాను. నైరుతి అని ఉంది, తిప్పితే ఈశాన్యమే.